ప్రయోగశాలలో పెరిగిన చర్మం: అది చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి

(మన సంఘం సర్వసభ్య సమావేశం సందర్భంగా జరిగిన ఆరోగ్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడవలసిన వేదిక మీద ఈయన చర్మం గురించి మాట్లాడతాడేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. బకాయిల సంగతి కార్యదర్శిగారు చూసుకుంటున్నారు. కిందటి సమావేశంలో టీ తాగుతూ ఉండగా ఒక సభ్యులు తమ సంచిలోంచి షాంపూ సీసా తీసి, దాని మీద ఉన్న కుందేలు బొమ్మ చూపించి, "ఇందులో కుందేలు కొవ్వేమైనా కలుపుతున్నారా, శాకాహారులం వాడవచ్చునా" అని అడిగారు. అక్కడున్న పదిమందిలో ఎవరమూ సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్నే నన్ను ఈ విషయంలోకి దింపింది.

నేను సైన్సు చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, గుమాస్తాగా చేరి, ముప్ఫై ఆరేళ్లు ఫైళ్ల మధ్య గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా మనవరాలు బయోటెక్నాలజీ చదువుతోంది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పినదీ, నేను చదివి తెలుసుకున్నదీ మీకు మన భాషలో చెబుతాను. గుమాస్తా బుద్ధి గుమాస్తాది కనుక, ఎవరు కనిపెట్టారన్నదానితోపాటు దాన్ని ఎవరు ఒప్పుకున్నారు, ఏ నిబంధన కింద ఒప్పుకున్నారు, ఎంతవరకు ఒప్పుకున్నారు అన్నది కూడా చూశాను.

ముందుగా మన చర్మం సంగతి. పెద్ద మనిషి ఒంటి మీది చర్మాన్ని విప్పి పరిస్తే సుమారు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు వస్తుంది. ఇందులో ముఖ్యంగా రెండు పొరలు. లోపలి పొర మందంగా ఉంటుంది. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అందులో ఉంటాయి. పైపొర పలచన. దాని అడుగున కొత్త కణాలు పుడుతూ, పాతవాటిని పైకి నెడుతూ ఉంటాయి. పైకి చేరేసరికి ఆ కణాలు చచ్చి, గట్టిపడి, పొలుసులై రాలిపోతాయి. ఆ చచ్చిన పొరే మనకు కాపలా. నీరు లోపలినుంచి ఆరిపోకుండా, బయటి రసాయనం లోపలికి దిగకుండా అడ్డుకునేది అదే. వయసు మీదపడినకొద్దీ చర్మం పలచబడుతుంది, పొడిబారుతుంది, కొత్త కణాలు రావటం నెమ్మదిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

మనం రోజూ ఒంటికి ఎన్నో పూస్తాం. సబ్బు, నూనె, షాంపూ, గడ్డం సబ్బు, మోకాళ్ల నొప్పులకు ఆయింట్‌మెంటు, తలకు రంగు. ఇవి చర్మాన్ని కాల్చవని, మంట పుట్టించవని ఎవరు చూశారు, ఎలా చూశారు? చాలాకాలం దీనికి జవాబు కుందేలు.

ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. లేకపోతే పాతవాళ్లకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. 1933 ప్రాంతంలో అమెరికాలో లాష్ లూర్ అనే రంగు అమ్మారు. కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ వేసుకునే రంగు అది. దాన్ని వాడిన ఆడవాళ్లలో కొందరికి చూపు పోయింది. 1937లో అదే దేశంలో సల్ఫనిలమైడ్ మందును డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకంలో కలిపి టానిక్కుగా అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ రెండు సరుకులూ ముందుగా పరీక్షించకుండానే బజారులోకి వచ్చాయి. అప్పటి చట్టం అడగలేదు, అమ్మినవాళ్లు చెయ్యలేదు. ఈ ఘోరాల తర్వాత 1938లో అక్కడ ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని అమలుచేసే ఎఫ్.డి.ఎ. సంస్థలో పనిచేసే జాన్ డ్రైజ్ అనే శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కలిసి 1944లో ఒక పరీక్ష ప్రకటించాడు. అదే డ్రైజ్ పరీక్ష.

కుందేలు వీపు మీద బొచ్చు గొరిగి, అక్కడ పదార్థం పెట్టి, గుడ్డ కప్పి కట్టేస్తారు. 24 గంటలకు ఒకసారి, 72 గంటలకు ఒకసారి విప్పి చూస్తారు. ఎర్రబడితే సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, వాస్తే సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. కంటిలో వేసి చూసే పరీక్ష ఇంకొకటి. జనాన్ని కాపాడాలని పుట్టిన పరీక్షే ఇది. కాని ఆ మంట భరించింది మాత్రం నోరులేని జంతువు.

జాలి మాట అలా ఉంచి లెక్క మాట చూద్దాం. 1971లో వైల్, స్కాలా అనే ఇద్దరు ఒక పని చేశారు. ఒకే రకం పదార్థాలను ఇరవైకి పైగా ప్రయోగశాలల చేత పరీక్ష చేయించారు. ఒకచోట బాగా మంట పుట్టిస్తుందన్న పదార్థం ఇంకొకచోట సాధువుగా కనపడింది. ఎరుపు ఎంత ఎరుపో చూసేవాడి కన్ను చెబుతుంది. ఇద్దరు కన్నులు పెట్టి చూస్తే రెండు మార్కులు. పైగా కుందేలు చర్మం మనిషి చర్మం కన్నా చాలావాటికి తొందరగా కందిపోతుంది. అంటే జంతువును బాధపెట్టి కూడా మనకు నికరమైన లెక్క రాలేదన్నమాట. బ్రిటన్‌లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1959లోనే ఒక పుస్తకం రాసి మూడు సూత్రాలు చెప్పారు: జంతువుకు బదులు వేరొకటి వాడగలిగితే వాడండి, వాడక తప్పనిచోట సంఖ్య తగ్గించండి, తగ్గించలేనిచోట బాధ తగ్గించండి. మంచిమాటే. కాని బదులు వాడటానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

ఆ వస్తువు వేరే దారిన వచ్చింది. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో హోవర్డ్ గ్రీన్ అనే ఆచార్యుడు, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే ఆయన శిష్యుడు కలిసి 1975లో మనిషి చర్మపు పైపొర కణాలను గాజుగిన్నెలో తరాల తరబడి పెంచే పద్ధతి ప్రకటించారు. అంతకుముందు ఆ కణాలు కొన్నాళ్లు బతికి ఆగిపోయేవి, లేదా లోపలి పొర కణాలు కలుపుమొక్కల్లా పెరిగి వీటిని మింగేసేవి. గ్రీన్ దగ్గర 3టీ3 అనే ఎలుక కణాలు ఉండేవి. వాటిని ఇక పెరగకుండా రేడియేషన్‌తో ఆపి, వాటి పక్కన మనిషి కణాలు వేశారు. చంటిపిల్లకు దాది ఎలాగో, ఈ కణాలకు అవి అలాగ. తాము పెరగవు, పక్కవాటిని పెంచుతాయి. అలా తపాలాబిళ్ల అంత చర్మపు ముక్కలోంచి ఒళ్లంతా కప్పేటంత పొర పెంచటం సాధ్యమైంది.

దీన్ని మొదట వాడింది పరీక్షలకు కాదు, కాలిన ఒళ్లకు. 1983లో అమెరికాలో అయిదారేళ్ల వయసున్న ఇద్దరు అన్నదమ్ములు మంటల్లో చిక్కుకున్నారు. ఒంట్లో 95 శాతానికి పైగా కాలిపోయింది. తీసి అతకటానికి వాళ్ల ఒంటి మీద చర్మమే లేదు. గ్రీన్ బృందం మిగిలిన రవ్వంత చర్మం నుంచి పొరలు పెంచి ఇస్తే, బోస్టన్ నగరంలోని కాలిన గాయాల ఆసుపత్రిలో వాటిని అతికారు. ఇద్దరూ బతికారు. 1984లో వైద్య పత్రికలో ఈ సంగతి వచ్చింది. కిరసనాయిలు స్టవ్వులు పేలిన రోజుల్లో మన పెద్దాసుపత్రుల కాలినవార్డుల ముందు నిలబడినవాళ్లు ఈ సభలో ఉన్నారు. ఆ కబురు ఎంత గొప్పదో వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. 1981లో బర్క్ అనే సర్జన్, యానస్ అనే ఆచార్యుడు కలిసి చేసిన కృత్రిమ చర్మం ఇంకొకటి ఉంది. అది ఆవు చర్మం నుంచి తీసిన కొల్లాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం, పైన సిలికాన్ పొర కలిపి తయారుచేసినది. అందులో బతికున్న కణాలు లేవు. గాయాన్ని కప్పి, కింద కొత్త చర్మం రావటానికి పందిరిలా పనికొస్తుంది. మనం ఈ రోజు చెప్పుకునేది కణాలతో పెరిగిన, ప్రాణమున్న పొర.

పరీక్షకు వాడే పొరను ఎలా చేస్తారో చెబుతాను. ఆపరేషన్లలో మిగిలిపోయిన చర్మం ఉంటుంది. పొట్ట తగ్గించే ఆపరేషన్లు, రొమ్ము ఆపరేషన్లు, మగశిశువులకు చేసే సున్తీ, వీటిలో తీసేసిన చర్మం నుంచి కణాలు విడదీస్తారు. వేలిగోరంత, ఇంకా చిన్నదైన గిన్నెలో, సన్నటి రంధ్రాలున్న పొర మీద వాటిని చల్లుతారు. మొదట కొన్ని రోజులు పోషక ద్రవంలో ముంచి ఉంచుతారు. తర్వాత ద్రవం మట్టం తగ్గిస్తారు. అడుగు తడిగా ఉండి ఆహారం అందుతుంది, పైభాగం గాలికి తెరుచుకుంటుంది. మన వంటింట్లో కాగిన పాలు గాలికి చల్లారుతుంటే పైన మీగడ కడుతుంది చూడండి, పోలికకు అలాంటిదే. గాలి తగిలిన కణాలు మన ఒంటి మీద లాగే అంతస్తులు కట్టి, పైన ఆ చచ్చిన కాపలా పొరను తయారుచేసుకుంటాయి. మొత్తం రెండు మూడు వారాల పని. ఎపిస్కిన్ అనే పొరను ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో, ఎపిడెర్మ్ అనే పొరను అమెరికాలో తయారుచేస్తారు. ఇవి ఎక్కువకాలం నిలవ ఉండవు. ఐస్‌క్రీము కన్నా జాగ్రత్తగా పంపించి, అందిన కొద్ది రోజుల్లోనే వాడెయ్యాలి.

ఇక పరీక్ష. ఒక పదార్థానికి మూడు పొరలు తీసుకుంటారు. ఎపిస్కిన్ పద్ధతిలో అయితే పదార్థాన్ని 15 నిమిషాలు ఉంచి కడిగేస్తారు. తర్వాత 42 గంటలు వదిలేస్తారు. అప్పుడు ఎం.టి.టి. అనే పసుపు రంగు వేస్తారు. బతికున్న కణం ఆ పసుపును నీలపు ఊదాగా మారుస్తుంది, చచ్చిన కణం మార్చలేదు. మూడు గంటల తర్వాత ఆ ఊదారంగును ద్రావకంలోకి దింపి, ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది. ఏ రసాయనమూ తగలని పొరను నూరుగా తీసుకుంటారు. దాంతో పోలిస్తే బతికిన కణాలు 50 శాతం గాని అంతకు తక్కువ గాని అయితే ఆ పదార్థం చర్మానికి మంట పుట్టించేదని తీర్పు. ప్రతిసారీ పక్కన ఒక పొరకు మంట పుట్టిస్తుందని ముందే తెలిసిన సబ్బు రసాయనం వేస్తారు. ఆ పొర చావకపోతే ఆ రోజు పరీక్ష మొత్తం కొట్టేస్తారు. ఇక్కడ మార్కు వేసేది కన్ను కాదు, అంకె. దాన్ని కాగితం మీద పెట్టవచ్చు, ఆడిటరు వచ్చి తిరిగి చూడవచ్చు.

మరి 1975లో పొర పెరిగితే, 1980 దశకంలో పరీక్షలకు పనికొస్తుందని తెలిస్తే, కుందేళ్లకు వెంటనే విముక్తి ఎందుకు రాలేదు? నాకు చాలా ఆసక్తి కలిగించింది ఈ భాగమే. ఓ.ఇ.సి.డి. అనే దేశాల కూటమి పరీక్షల పద్ధతులకు నిబంధనలు రాస్తుంది. చర్మాన్ని కాల్చే పదార్థాలను ఇలాంటి పొరల మీద గుర్తించే 431వ నిబంధనను ఆ కూటమి 2004లో ఒప్పుకుంది. మంట పుట్టించే పదార్థాలకు 439వ నిబంధన 2010లో వచ్చింది. అంటే మొదటి పొర నుంచి లెక్కవేస్తే ముప్ఫై అయిదేళ్లు. మన సర్వీసు మొత్తం అంత.

ఈ ఆలస్యంలో రెండు పాళ్లు ఉన్నాయి. ఒక పాలు అలవాటు. "ఇప్పటిదాకా ఇలాగే చేశాం, ప్రెసిడెంటు ఏముంది" అనే మాట మన సెక్షన్లలో ఎన్నిసార్లు విన్నామో. పూర్వోదాహరణ లేదని పక్కన పెట్టిన ఫైళ్లు నా చేతుల మీదుగా కూడా నడిచాయి. సరుకుకు అనుమతి ఇచ్చే అధికారి కూడా అదే అడుగుతాడు. కొత్త పరీక్షలో ఏదైనా తప్పిపోతే సంజాయిషీ ఆయనదే కనుక.

రెండో పాలు న్యాయమైనది. యూరప్‌లో దీనికోసమే ఒక కేంద్రం ఉంది. అది సీసాల మీద పేర్లు తీసేసి, కోడు నంబర్లు వేసి, వేర్వేరు ప్రయోగశాలలకు పంపింది. ఏ సీసాలో ఏముందో పరీక్ష చేసేవాడికి తెలియదు. ఒకే పదార్థానికి అన్నిచోట్లా ఒకే జవాబు రావాలి, ఆ జవాబు సరైనదై ఉండాలి. ఈ పరీక్షకు నిలబడిన తర్వాతే 2007లో మంట విషయంలో ఎపిస్కిన్ పద్ధతి కుందేలుకు బదులుగా పనికొస్తుందని ఆ కేంద్రం ఒప్పుకుంది. మనం మూడు చేతుల్లో వేసినా ఒకటే మొత్తం వస్తేనే ఖజానాకు బిల్లు పంపేవాళ్లం. ఇదీ అంతే. జాలి ఈ పనిని మొదలుపెట్టించింది. 1980లో న్యూయార్క్‌లో హెన్రీ స్పైరా అనే ఉపాధ్యాయుడు పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించి, కుందేళ్ల కళ్ల గురించి పెద్ద సౌందర్య సాధనాల కంపెనీని నిలదీశాడు. ఆ తర్వాతే కంపెనీలు బదులు పద్ధతుల పరిశోధనకు డబ్బు పెట్టాయి. కాని ఫైలును ముగించింది జాలి కాదు, తాళా కుదిరిన లెక్క.

దారి తెరుచుకున్నాక చట్టాలు వచ్చాయి. యూరప్ సమాఖ్య 2004లో తయారైన సౌందర్య సాధనాలను, 2009లో వాటిలో వాడే పదార్థాలను జంతువుల మీద పరీక్షించటం నిషేధించింది. 2013 మార్చి 11 నుంచి అలా పరీక్షించిన సరుకు అక్కడ అమ్మకూడదు. మన దేశం 2014లో ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనల్లో 148-సి చేర్చి జంతువుల మీద పరీక్షను నిషేధించింది. అదే సంవత్సరం 135-బి చేర్చి, అలా పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా ఆపింది. ఇప్పుడున్న 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల్లో కూడా ఆ నిషేధం కొనసాగుతోంది.

కాబట్టి షాంపూ సీసా తెచ్చిన మిత్రునికి జవాబు ఇది. ఆ కుందేలు బొమ్మకు అర్థం లోపల కుందేలు ఉందని కాదు, కుందేలును బాధపెట్టలేదని. అది ప్రైవేటు సంస్థలు ఇచ్చే గుర్తు. ఆ బొమ్మ ఉన్నా లేకపోయినా మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించకూడదు. అయితే మందులకు, పురుగుమందులకు ఈ నిషేధం లేదు. వాటిలో జంతు పరీక్షలు ఇంకా ఉన్నాయి. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కొత్త మందుల నిబంధనలు సవరించి, కణాలతో చేసే పరీక్షలను, ప్రయోగశాలలో పెంచిన అవయవ నమూనాలను కూడా సాక్ష్యంగా ఒప్పుకోవటానికి వీలు కల్పించింది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. ఆవరణలో కొత్త సంస్థలకు అండగా నడిచే కేంద్రంలో ఇలాంటి మానవ నమూనాల కోసమే ఒక విభాగం పెట్టారు. భారతదేశం 2011 నుంచి ఓ.ఇ.సి.డి. పరస్పర అంగీకార ఏర్పాటులో పూర్తి భాగస్వామి. మనవాళ్లు ఆ నిబంధనల ప్రకారం ఇక్కడ చేసిన పరీక్ష ఆ దేశాల్లో చెల్లుతుంది. బదిలీ అయినప్పుడు ఎల్.పి.సి. పట్టుకెళితే కొత్త ఆఫీసులో జీతం మొదలైనట్టు.

ఇంతవరకు మంచి చెప్పాను. ఇక ఈ పొర చెప్పలేని సంగతులు చెప్పాలి. అవి మన వయసువాళ్లకు ఎక్కువ అవసరం.

మా ఇంటావిడ ఆరేళ్లపాటు తలకు ఒకే రంగు వాడింది. ఏనాడూ చిన్న దురద కూడా లేదు. ఒక ఉగాది ముందు రోజు వేసుకుంది. మర్నాటికి నుదురు దద్దుర్లు, రెండో రోజుకు కళ్లు మూసుకుపోయేటంత వాపు, చెవుల వెనక నీరు కారటం. చర్మవ్యాధుల డాక్టరుగారు చూసి, ఇది మంట కాదు అలర్జీ అని, ఆ రంగు జన్మలో ముట్టుకోవద్దని చెప్పారు. పది రోజులు మందులు వాడాక తగ్గింది. "ఏమండీ, ఇన్నేళ్లూ తెల్లజుట్టు నన్నేమీ కరవలేదు, నల్లజుట్టే కరిచింది" అని ఆవిడ రంగు డబ్బా అవతల పారేసింది.

మా మనవరాలిని అడిగాను, అమ్మమ్మ వాడిన రంగును ఆ చర్మపు పొర మీద పరీక్షిస్తే ఇది తెలిసేదా అని. "తెలిసేది కాదు తాతయ్యా" అంది. కారణం ఇది. మంట అంటే రసాయనం కణాన్ని నేరుగా గాయపరచటం. అలర్జీ అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, తర్వాత ఎప్పుడో తిరగబడటం. పరీక్షకు వాడే మామూలు పొరలో ఆ రక్షణ కణాలు లేవు, రక్తం లేదు, జ్ఞాపకం పెట్టుకునే యంత్రాంగం లేదు. పొర బతికే ఉంటుంది, ఊదారంగు నిండుగా వస్తుంది, కాని మనిషి మొహం వాస్తుంది. అలర్జీకి వేరే పరీక్షలు కావాలి. రసాయనం మాంసకృత్తులకు అతుక్కుంటుందా, చర్మకణాలు ప్రమాద సంకేతం ఇస్తాయా, రక్షణ కణాలు మేల్కొంటాయా అని మూడు వైపులా చూసి జవాబులు కలిపి తీర్పు చెప్పే 497వ నిబంధన 2021లో వచ్చింది.

నల్లరంగుల్లో చాలావాటిలో ఉండే ఆ రసాయనం పేరు పారా ఫినైలిన్ డయమిన్. నల్ల హెన్నా అని అమ్మేవాటిలో కూడా తరచు ఉంటుంది. 1933లో అమెరికా ఆడవాళ్ల కళ్లు పోగొట్టిన రంగులో ఉన్నదీ అదే. అందుకే మన నిబంధనల ప్రకారం అది ఉన్న రంగు పెట్టె మీద ఇంగ్లీషులోనూ ప్రాంతీయ భాషల్లోనూ హెచ్చరిక ఉండాలి. ముందుగా కొద్దిగా రాసి చూసుకోవాలని, కనుబొమలకూ కనురెప్పలకూ వేస్తే చూపు పోవచ్చునని ఆ హెచ్చరిక. ఎన్నో ఏళ్ల కిందట ఎక్కడో జరిగిన ఘోరం ఈనాడు మన చేతిలోని పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలు చదవండి, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

ఇంకో లోటు. ఆ పొరల కణాలు చాలావరకు పసివాళ్లవి, లేదా మనకన్న బాగా చిన్నవాళ్లవి. డెబ్భై దాటిన చర్మం వేరు అని ఇందాక చెప్పాను. కుర్ర చర్మం తట్టుకున్నదల్లా మన చర్మం తట్టుకుంటుందనుకోకూడదు. అలాగే ఒకచోట రాసిన మందు రక్తంలో కలిసి కాలేయం దాకా వెళితే ఏమవుతుందో ఈ పొరకు తెలియదు. పొర చిన్న ప్రశ్నకు నికరమైన జవాబు చెప్పే సాక్షి. తాను చూడనిదాన్ని గురించి దాన్ని అడగకూడదు.

పరిశోధకులు ఊరుకోలేదు. రంగు కణాలు కలిపిన పొరల మీద ఎండ ఏం చేస్తుందో చూస్తున్నారు. గాయాలు మానకపోవటానికి కారణాలు వెతుకుతున్నారు. 2020లో బోస్టన్‌లో కార్ల్ కోలర్ బృందం మూలకణాల నుంచి వెంట్రుకలతో సహా పెరిగే చర్మపు ముద్దను నాలుగైదు నెలల్లో పెంచింది. చికిత్సలోనూ ఈ విద్య ముందుకు పోయింది. పుట్టుకతో చర్మం పేలిపోయే జబ్బున్న ఏడేళ్ల బాలునికి ఇటలీలో మికేలే డి లూకా బృందం జన్యులోపం సరిచేసి పొరలు పెంచి ఇస్తే, జర్మనీలో వైద్యులు 2015లోనూ 2016లోనూ ఒంట్లో 80 శాతం మేర అతికారు. 2017లో ఆ సంగతి ప్రకటించారు. గ్రీన్ 1975లో చెప్పిన పద్ధతికి అది మనవడిలాంటిది.

ఇక చివరి మాట, ఎవరి చర్మం అనేది. ప్రతి పొర వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆపరేషను బల్ల మీద మిగిలిపోయిన ముక్కే కావచ్చు. దాన్ని పారవెయ్యాలా, పరిశోధనకు ఇవ్వాలా అన్నది ఆ మనిషి ఇష్టం. శిశువైతే తల్లిదండ్రుల ఇష్టం. ఇష్టం ఉందనటానికి సంతకం ఉండాలి, సంతకం పెట్టినవాళ్లకు దేనికి పెడుతున్నామో అర్థం కావాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు మన చేత పది కాగితాల మీద సంతకాలు పెట్టిస్తారు. ఒక్కటీ చదవం, చదవనివ్వరు. జీవితమంతా ఇతరుల సంతకాలు సరిచూసిన మనమే మన సంతకం దగ్గర తొందరపడటం బాగుండదు. పరిశోధనకు ఇవ్వటం మంచిపనే. ఎవరైనా అడిగితే నేను ఇస్తాను. కాని అడిగి తీసుకోవాలి.

మిత్రులారా, నేను చెప్పినదాంట్లో మూడు సంగతులు ఇంటికి తీసుకువెళ్లండి. సబ్బు గాని షాంపూ గాని మంట పుట్టించదని తేల్చటానికి ఇప్పుడు కుందేలు వీపు అవసరం లేదు. ఆ పని ప్రాణమున్న పొర నికరంగా చేస్తోంది. రెండు, తలకు రంగు వేసుకునేవాళ్లు ఎన్నేళ్లుగా వాడుతున్నా సరే, వేసుకునే ముందు పెట్టె మీద చెప్పిన ప్రకారం మోచేతి మడతలోనో చెవి వెనకో కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడండి. ఒకసారి దద్దురు వచ్చిందంటే ఆ రంగు మీకు కాదు. ఆ పరీక్ష ఏ ప్రయోగశాలా మీ తరఫున చెయ్యలేదు, మీ చర్మమే చెయ్యాలి. మూడు, కొత్త ఆయింట్‌మెంటు ఇచ్చినప్పుడు "నా వయసు చర్మానికి ఇది పడుతుందా" అని డాక్టరుగారిని అడగండి. అడగటానికి మనకు హక్కుంది.